ముందు ఏం మానేయాలి? మగవారి చర్మం, జుట్టు: సందేహాలు - సమాధానాలు

మగవాళ్ళ చర్మం, జుట్టు, గడ్డం గురించి వచ్చిన ఉత్తరాలకు ఈసారి ఒకేచోట జవాబులిస్తున్నాను. దాదాపు అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘‘ఏం రాసుకుంటే పోతుంది?’’ ఉత్తరం పూర్తిగా చదివాక నాకు అర్థమయ్యేది వేరు. చాలామంది బాధ ఇప్పటికే రాసుకుంటున్న దానివల్లే పెరుగుతోంది. అందుకే ప్రతి జవాబులోనూ మానేయాల్సింది ముందు చెబుతాను, మొదలుపెట్టాల్సింది ఆ తర్వాత.

నా వయసు 24. ఆటోనగర్‌లో లేత్ పని చేస్తాను. ఏడాదిగా గజ్జల్లో, నడుం చుట్టూ తామర ఉంది. మెడికల్ షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాస్తే రెండు రోజుల్లో దురద పోతుంది. ఆపిన వారానికే మళ్ళీ వస్తుంది, ఈసారి ఇంకా పెద్దగా. తొడల లోపలివైపు చారలు కూడా పడ్డాయి. ఇప్పుడు మా తమ్ముడికీ మొదలైంది. ఏ ట్యూబు వాడితే పూర్తిగా పోతుంది?
– ఎస్.కె., విజయవాడ

మీ ట్యూబు మీద సన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు ఒకసారి చదవండి. క్లోబెటసాల్, బెటామెథాసోన్, బెక్లోమెథాసోన్, మోమెటాసోన్... వీటిలో ఏది కనిపించినా అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. తామర మందు, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ మూడూ కలిపిన ట్యూబులు మన మెడికల్ షాపుల్లో విపరీతంగా అమ్ముడవుతున్నాయి. స్టెరాయిడ్ దురదను, ఎర్రదనాన్ని అణిచేస్తుంది కాబట్టి తగ్గిందనుకుంటాం. కానీ తామర పుట్టించే ఫంగస్‌తో పోరాడే శక్తిని కూడా అదే అణిచేస్తుంది. దాంతో పైకి మానినట్టు కనిపిస్తూనే ఫంగస్ చుట్టూ పాకుతుంది. గుండ్రటి అంచు చెదిరిపోయి, చూసిన డాక్టరు కూడా వెంటనే తామర అని పోల్చుకోలేని రూపం వస్తుంది. తొడల మీద పడిన చారలు స్టెరాయిడ్ వల్ల చర్మం పలచబడి చిట్లిన గుర్తులు. అవి కొంత మసకబారతాయి తప్ప పూర్తిగా పోవు.

కాబట్టి ఆ ట్యూబు ఈరోజే ఆపండి. మొదటి కొన్ని రోజులు దురద, మంట ఎక్కువవుతాయి. భయపడి మళ్ళీ అదే రాయకండి. ఆ రోజులు గట్టెక్కడానికి డాక్టరు దురద తగ్గించే మాత్రలు ఇస్తారు.

పదిహేనేళ్ళ కిందట రెండు మూడు వారాల పూతతో తగ్గిపోయిన తామర ఇప్పుడు అంత తేలిగ్గా లొంగడం లేదు. మన దేశంలో విస్తరించిన ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే రకం, ఇంతకాలం బాగా పనిచేసిన టెర్బినాఫిన్ మందుకు చాలాసార్లు లొంగదు. ఈ రకానికి ఆ పేరు పెట్టింది 2020లో. 2023 నాటికి అమెరికాలోని న్యూయార్క్‌లోనూ దీన్ని గుర్తించారు. అందువల్ల మీకు పూతమందుతో పాటు వారాల తరబడి మాత్రలు అవసరం కావచ్చు. ఏ మందు, ఎన్ని వారాలు అన్నది చర్మం గీకి సూక్ష్మదర్శిని కింద చూశాక డాక్టరు నిర్ణయించాలి. మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల వరకు పూత రాయాలి. పైకి తగ్గాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్ళు కొనసాగించాలి.

ఇంట్లో చేయాల్సింది కూడా మందంత ముఖ్యం. మీరు మొలతాడు కట్టుకుంటే, చికిత్స నడిచినన్నాళ్ళు తీసేయండి. చెమటతో నాని ఎప్పటికీ ఆరని ఆ దారం ఫంగస్‌కు స్థిరనివాసం. నడుం చుట్టూ తామర ఉన్నవాళ్ళలో మచ్చ సరిగ్గా ఆ దారం వెంబడే సాగడం నేను తరచూ చూస్తాను. తర్వాత కట్టుకోవాలనుకుంటే కొత్తది కట్టుకోండి. బిగుతు జీన్స్ బదులు వదులు నూలు ప్యాంటు వేసుకోండి. మీ బట్టలు, తువ్వాలు వేరుగా వేడినీళ్ళలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేసి, కుట్ల మీద బాగా ఇస్త్రీ చేయండి. తమ్ముడికీ మీతో పాటే చికిత్స చేయించండి. ఒకరు మందు వాడి మరొకరు వాడకపోతే అది మీ ఇద్దరి మధ్యే తిరుగుతూ ఉంటుంది.

నాకు 29 ఏళ్ళు. వచ్చే నెలాఖరులో పెళ్ళి. ముఖం తెల్లబడాలని స్నేహితుడు చెప్పిన క్రీము ఆరు నెలలుగా రాస్తున్నాను. మొదట్లో బాగా తెల్లబడ్డాను. ఇప్పుడు ఒక్కరోజు రాయకపోతే ముఖం ఎర్రగా మండిపోతోంది. బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు, గడ్డం దగ్గర పొక్కులు వచ్చాయి. గ్లూటాథయోన్ ఇంజెక్షన్లు చేయించుకుంటే పెళ్ళిలోపు సరవుతుందా?
– పేరు రాయవద్దన్నారు, హనుమకొండ

ముందుగా ఇంజెక్షన్ల సంగతి. తెల్లబడటానికి గ్లూటాథయోన్ ఇంజెక్షన్ వాడేందుకు మన దేశంలో ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లేదు. తీవ్రమైన అలర్జీ, కాలేయం దెబ్బతినడం లాంటి ప్రమాదాలు ఉన్నాయి. దాని జోలికి వెళ్ళకండి.

మీరు చెప్పిన లక్షణాలన్నీ స్టెరాయిడ్ క్రీము వల్ల దెబ్బతిన్న ముఖానివి. మంగు మచ్చల కోసం 1975లో అమెరికన్ వైద్యుడు క్లిగ్‌మన్ మూడు మందులు కలిపి ఒక మిశ్రమం తయారుచేశారు: హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, ఒక స్టెరాయిడ్. డాక్టరు కనిపెట్టి ఉండగా, మచ్చ ఉన్నచోట, కొద్ది వారాలు మాత్రమే వాడాల్సిన మందు అది. అదే కోవకు చెందిన ట్యూబులు మన దగ్గర ఫెయిర్‌నెస్ క్రీములుగా చేతులు మారుతున్నాయి. ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా పేరు చెబితే చేతిలో పెట్టే షాపులు ఉన్నాయి.

మీరు వాడింది పేరూ ఊరూ లేని డబ్బా అయితే ఇంకో ప్రమాదం ఉంది. తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు లేని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం ఉండొచ్చు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవాళ్ళలో కిడ్నీ జబ్బులు బయటపడ్డాయి. మీ పాదాల్లో వాపు కనిపించినా, మూత్రంలో నురగ వస్తున్నా ఆ డబ్బా పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళి మూత్రపరీక్ష చేయించుకోండి.

ముఖానికి రాసే స్టెరాయిడ్‌ను నెలల తరబడి వాడాక ఒక్కసారిగా ఆపితే మంట, వాపు బాగా ఎక్కువవుతాయి. అందుకే ఈ వారంలోనే చర్మవైద్యుణ్ణి కలవండి. స్టెరాయిడ్‌ను ఎలా తగ్గించుకుంటూ రావాలో, దాని స్థానంలో ఏం వాడాలో ఆయన చెబుతారు. ఈలోగా సువాసన లేని మామూలు మాయిశ్చరైజరు, సన్‌స్క్రీన్, ముఖం కడగడానికి మృదువైన క్లెన్సరు తప్ప కొత్తగా ఇంకేదీ వద్దు. స్క్రబ్బులు, బ్లీచింగు, ఫేషియల్, ఆఫ్టర్‌షేవ్ అన్నీ పక్కన పెట్టండి. పెళ్ళిలో నలుగు ఉంటే ఒంటికి పెట్టించుకోండి, ముఖాన్ని మాత్రం వదిలేయమని పెద్దవాళ్ళకు చెప్పండి.

పెళ్ళినాటికి ఎర్రదనం కొంత తగ్గుతుంది. పూర్తిగా కోలుకోవడానికి నెలలు పడుతుంది. ఫొటోల కోసం మళ్ళీ ఆ క్రీము ముట్టుకోవాలన్న ఆలోచన వస్తుంది, ముట్టుకోకండి. మీ పుట్టు రంగు జబ్బు కాదు. దానికి వైద్యం అవసరం లేదు. ఇప్పుడు మీకున్న జబ్బు ఆ రంగును మార్చబోవడం వల్ల వచ్చింది.

నా వయసు 27, ఐటీ ఉద్యోగం. నుదుటి రెండు పక్కలా, నడినెత్తిన జుట్టు పలచబడుతోంది. నాన్నగారిది బట్టతల. బయోటిన్ మాత్రలు, ఉల్లిపాయ నూనె వాడాను. తిరుపతి వెళ్ళి గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందని అమ్మ అంటోంది. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకోమని స్నేహితులు అంటున్నారు. ఏది నిజం?
– వి.టి., హైదరాబాద్

అమ్మగారి మాట మొక్కు విషయంలో పాటించండి, జుట్టు విషయంలో ఆశ పెట్టుకోకండి. గుండు చేస్తే తెగేది చర్మం పైన ఉన్న వెంట్రుక. దాని మందం నిర్ణయించే కుదురు చర్మం లోపల ఉంటుంది, బ్లేడు అక్కడికి చేరదు. మామూలుగా వెంట్రుక కొస సన్నబడి ఉంటుంది. గుండు తర్వాత మొలిచే వెంట్రుక కొస మొద్దుగా ఉండటం వల్ల ముట్టుకుంటే ఒత్తుగా, గరుగ్గా అనిపిస్తుంది. అంతే.

మీరు చెప్పింది వంశపారంపర్యంగా వచ్చే బట్టతల తొలిదశ. టెస్టోస్టిరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోన్‌కు కొందరి నెత్తిమీది కుదుళ్ళు పుట్టుకతోనే ఎక్కువగా స్పందిస్తాయి. దాంతో రాలి మళ్ళీ మొలిచే ప్రతి చక్రంలోనూ వెంట్రుక ఇంకాస్త సన్నగా, పొట్టిగా మొలుస్తుంది. తల వెనక, చెవుల పైన ఉన్న కుదుళ్ళకు ఆ స్వభావం లేదు కాబట్టి అక్కడి జుట్టు నిలుస్తుంది. తండ్రి వైపు నుంచే కాదు, తల్లి వైపు నుంచి కూడా ఇది వస్తుంది. హెల్మెట్ వల్ల, షాంపూ వల్ల ఇది రాదు.

బయోటిన్ ఆపండి. ఒంట్లో బయోటిన్ లోపం ఉంటే తప్ప దానివల్ల లాభం లేదు. పైగా అది థైరాయిడ్ పరీక్షల ఫలితాలను, గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష ఫలితాన్ని కూడా తప్పుదారి పట్టించగలదు. ఉల్లిపాయ నూనె తలలో మంట పుట్టించడం తప్ప ఈ రకం బట్టతలను ఆపదు.

నిజంగా పనిచేస్తాయని తేలినవి ముఖ్యంగా రెండు మందులు. మొదటిది మినాక్సిడిల్. రక్తపోటు కోసం తయారైన ఈ మందు వాడిన రోగులకు ఒంటిమీద వెంట్రుకలు మొలవడం చూసి దీన్ని జుట్టుకు మళ్ళించారు. అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. మగవాళ్ళకు సాధారణంగా 5 శాతం ద్రావణం, ఒక్కో పూటకు 1 మిల్లీలీటరు చొప్పున రెండు పూటలా, ఆరిన తలకు. జుట్టు మీద కాకుండా పాయలు తీసి చర్మం మీద పడేలా రాయాలి. మొదటి రెండు నెలల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలినట్టు కనిపిస్తుంది. పాత వెంట్రుకలు కొత్తవాటికి చోటిచ్చే దశ అది. చాలామంది సరిగ్గా అక్కడే భయపడి మానేస్తారు. ఫలితం తెలియడానికి కనీసం నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. వాడినన్నాళ్ళే నిలుస్తుంది, మానేస్తే కొన్ని నెలల్లో వచ్చిన జుట్టు పోతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. ఇంట్లో పిల్లి ఉంటే ఆ మందు దానికి విషం, తలగడలకు అంటకుండా చూసుకోండి.

రెండోది ఫినాస్టెరైడ్ 1 మిల్లీగ్రాము మాత్ర. డీహెచ్‌టీ తయారీని తగ్గిస్తుంది. 1997లో జుట్టుకోసం అనుమతి పొందింది. కొద్దిమందిలో లైంగిక కోరిక, అంగస్తంభన తగ్గడం, మనసు కుంగిపోవడం లాంటివి రావచ్చు. అందుకే డాక్టరుతో ఈ విషయాలన్నీ మొహమాటం లేకుండా మాట్లాడాకే వాడాలి. వాడుతున్నప్పుడు రక్తదానం చేయకూడదు, ఆపాక కూడా కనీసం నెల ఆగాలి. ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్‌ఏ పరీక్షలో అంకె దాదాపు సగానికి పడిపోతుంది కాబట్టి ఆ పరీక్ష చేయించుకునే వయసులో ఉన్నవాళ్ళు డాక్టరుకు ముందే చెప్పాలి. నలిగిన మాత్రను గర్భిణులు ముట్టుకోకూడదు.

27 ఏళ్ళకే ట్రాన్స్‌ప్లాంట్‌కు తొందరపడొద్దు. తల వెనక నుంచి తీయగలిగిన కుదుళ్ళకు పరిమితి ఉంది. ఇప్పుడు ముందుభాగం నింపేస్తే, పదేళ్ళ తర్వాత దాని వెనక ఉన్నది రాలిపోయినప్పుడు నింపడానికి సరుకు మిగలదు. ముందు ఏడాది పాటు మందులతో రాలడాన్ని నిలకడకు తెచ్చుకోండి. తర్వాత చేయించుకోవాలనుకుంటే ఎవరు చేస్తున్నారో నిలదీసి అడగండి. ఇలాంటి శస్త్రచికిత్సలు తగిన శిక్షణ ఉన్న వైద్యులే చేయాలని జాతీయ వైద్య కమిషన్ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. మీతో మాట్లాడిన డాక్టరు ఒకరు, కుదుళ్ళు తీసేది టెక్నీషియన్ అయితే లేచి వచ్చేయండి.

ఇవేవీ వద్దనుకుని జుట్టు పొట్టిగా కత్తిరించుకుని హాయిగా ఉండటం కూడా సరైన నిర్ణయమే. బట్టతల వల్ల ఒంటికి వచ్చే హాని ఏమీ లేదు.

మాది జగిత్యాల జిల్లా. కువైట్‌కు వచ్చి అయిదు నెలలైంది. ఎండలో నిర్మాణం పని, ఒక్కపూటే సరిగ్గా తింటున్న. ఎనిమిది కిలోలు తగ్గిన. రెండు నెలల నుంచి తల దువ్వితే చాలు, కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది. ఇక్కడి సముద్రపు నీళ్ళ వల్లే అని రూములో అందరూ అంటున్నరు. తిరిగి వచ్చేయాలా?
– ఆర్.ఎం., కువైట్

ఉద్యోగం వదులుకోవాల్సిన అవసరం లేదు తమ్ముడూ. నీళ్ళను తప్పుపట్టే ముందు ఒక పని చేయండి. తెల్లటి తువ్వాలు మీద తల దువ్వుకుని, రాలిన వెంట్రుక ఒకటి తీసి రెండు కొసలూ వెలుతురులో చూడండి. ఒక కొసకు గుండుసూది తలలాంటి తెల్లటి బుడిపె ఉంటే అది కుదురు నుంచి ఊడిన వెంట్రుక. రెండు కొసలూ బోసిగా ఉంటే మధ్యలో తెగింది. మీ గదికి వచ్చే నీరు ఉప్పు తీసిన సముద్రపు నీరే. ఆ నీళ్ళ వల్ల, ట్యాంకుల్లోని క్లోరిన్ వల్ల జుట్టు ఎండుగడ్డిలా మారి తెగొచ్చు. కుదుళ్ళను మాత్రం అవి ఏమీ చేయవు.

మీ ఉత్తరంలో అసలు కారణం మీరే రాశారు. ఒళ్ళు ఉన్నట్టుండి తట్టుకోలేని దెబ్బ తింటే, అంటే తీవ్రమైన జ్వరం, డెంగీ, వేగంగా బరువు తగ్గడం, తిండి చాలకపోవడం, నిద్రలేమి, మానసిక ఒత్తిడి లాంటివి వస్తే, పెరిగే దశలో ఉన్న వెంట్రుకలు చాలా ఒకేసారి విశ్రాంతి దశలోకి పోతాయి. రెండు మూడు నెలల తర్వాత అవన్నీ ఒక్కసారిగా రాలతాయి. మీ లెక్క దీనికి సరిగ్గా సరిపోతోంది. కుదుళ్ళు బతికే ఉంటాయి. కారణం తొలగితే రాలడం ఆగి, ఆరు నెలల్లో జుట్టు చాలావరకు తిరిగి వస్తుంది.

కాబట్టి మానేయాల్సింది పస్తు. రోజూ రెండు గుడ్లు లేదా ఒక గిన్నె గట్టిపప్పు, ఆకుకూర, పెరుగు ఎలాగైనా కడుపులో పడాలి. సేవింగ్స్ కోసం తిండి తగ్గించుకుంటే దాని ఖర్చు ఒంట్లోంచే పోతుంది. క్లినిక్‌లో హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు చేయించుకోండి. ఎనిమిది కిలోలు తగ్గారు కాబట్టి షుగరు కూడా చూడమనండి. హెల్మెట్ కింద పల్చటి నూలు గుడ్డ కట్టుకుని రోజూ ఉతకండి, చెమట పట్టిన తలను పని కాగానే కడుక్కోండి.

నేను పోలీసు కానిస్టేబుల్‌ని. డ్యూటీకి రోజూ నున్నగా గడ్డం గీసుకోవాలి. దవడ కింద, మెడ మీద పొక్కులు, నల్ల మచ్చలు. మెడ వెనక జుట్టు మొదలయ్యేచోట కూడా గట్టి గుల్లలు వచ్చాయి. సెలూన్ అతను పటిక రుద్దితే పోతాయన్నాడు.
– బి.ఎన్., కర్నూలు

రింగులు తిరిగే మొండి వెంట్రుకలు ఉన్నవాళ్ళకు ఈ బాధ ఎక్కువ. మరీ నున్నగా గీసినప్పుడు వెంట్రుక చర్మం మట్టం కన్నా కిందికి తెగుతుంది. మళ్ళీ మొలిచేటప్పుడు వాడి కొస వంకర తిరిగి పక్క చర్మంలోకి గుచ్చుకుంటుంది. ఒంటికి అది ముల్లు దిగినట్టే. అందుకే పొక్కు, చీము, చివరికి నల్ల మచ్చ.

మానేయాల్సినవి: మూడు నాలుగు బ్లేడ్ల రేజరు, చర్మాన్ని చేత్తో లాగి పట్టుకోవడం, ఎదురు గీయడం, ఒకేచోట పదేపదే గీయడం, పట్టకారుతో వెంట్రుకలు పీకడం. బహుళ బ్లేడ్ల రేజరులో మొదటి బ్లేడు వెంట్రుకను పైకి లాగితే వెనకది కోస్తుంది, తెగిన కొస చర్మంలోకి జారిపోతుంది. మీకు సరిపోయేది ట్రిమ్మర్. ఒక మిల్లీమీటరు వదిలి కత్తిరిస్తే చూడటానికి శుభ్రంగానే ఉంటుంది. రేజరే వాడాల్సి వస్తే, గోరువెచ్చని నీళ్ళతో కడిగి షేవింగ్ క్రీము అయిదు నిమిషాలు నాననిచ్చి, ఒంటి బ్లేడుతో వెంట్రుక వాలు వైపే తేలిగ్గా గీయండి. మెడ మీద వాలు ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటుంది, వేలితో తడిమి చూసుకోండి. చికిత్స నడిచినన్నాళ్ళు ట్రిమ్మర్ వాడటానికి అనుమతించమని చర్మవైద్యుడి సర్టిఫికెట్‌తో పై అధికారిని అడగండి. డాక్టరు ఇచ్చే పూతలతో తగ్గకపోతే లేజర్‌తో వెంట్రుకలు తగ్గించుకోవచ్చు. మన చామనఛాయ చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్ సురక్షితమైనది. ఏ లేజరో అడిగి తెలుసుకోండి.

మెడ వెనక గుల్లలను నిర్లక్ష్యం చేయకండి. జీరో మిషన్‌తో, బ్లేడుతో అక్కడ అంచు తీయించుకోవడం, కాలరు రాపిడి దీన్ని పెంచుతాయి. ఆలస్యమైతే అవి కలిసిపోయి గట్టి కీలాయిడ్ గడ్డలుగా మారి, అక్కడ జుట్టు శాశ్వతంగా పోతుంది. సెలూన్‌లో ‘‘వెనక బ్లేడు పెట్టొద్దు’’ అని ముందే చెప్పండి.

పటిక సన్న గాటు నుంచి కారే రక్తాన్ని ఆపుతుంది, పొక్కులను తగ్గించదు. అందరి ముఖానికీ తిప్పిన ఒకే పటిక ముక్క వద్దు. బ్లేడు మీ కళ్ళముందు కొత్త కాగితం విప్పి తీయాలి. హెపటైటిస్ బి, సి లాంటివి వాడిన బ్లేడు ద్వారా వ్యాపిస్తాయి, పులిపిర్లు కూడా గడ్డమంతా అంటుకుంటాయి. కటింగ్ అయ్యాక మెడ విరవడాన్ని కూడా మర్యాదగా వద్దనండి. హఠాత్తుగా తిప్పితే మెడలోని రక్తనాళం చీలి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

నా వయసు 54. పదిహేనేళ్ళుగా తలకు, మీసానికి నల్ల రంగు వేసుకుంటున్నాను. ఎప్పుడూ ఏమీ కాలేదు. ఈసారి మర్నాటికి కనురెప్పలు వాచి కళ్ళు మూసుకుపోయాయి, చెవుల వెనక రసి కారింది. అమోనియా లేని హెర్బల్ రంగుకు మారితే చాలా?
– పి.వి.ఎస్., రాజమహేంద్రవరం

చాలదండీ. మీకు పడనిది అమోనియా కాదు, పారాఫినైలిన్‌డైఅమీన్. పీపీడీ అంటారు. జుట్టును నిలకడగా నల్లబరిచే రంగుల్లో చాలావాటిలో ఇదే ఉంటుంది. ఏళ్ళ తరబడి వాడాక ఏదో ఒకరోజు ఒళ్ళు దాన్ని శత్రువుగా గుర్తిస్తుంది. ఒకసారి గుర్తించాక ఆ గుర్తు జీవితాంతం పోదు, వేసుకున్న ప్రతిసారీ ప్రతిచర్య ఇంకా తీవ్రంగా రావచ్చు. ‘హెర్బల్’, ‘అమోనియా ఫ్రీ’ అని రాసిన ప్యాకెట్లలోనూ, ‘బ్లాక్ హెన్నా’ పొడుల్లోనూ పీపీడీ ఉండొచ్చు. అట్ట వెనక పదార్థాల జాబితా చదవకుండా ఏదీ కొనకండి. వేసుకోగానే నల్లగా మారే ‘గోరింటాకు’ ఏదైనా అనుమానించాల్సిందే. స్వచ్ఛమైన గోరింటాకు పండేది ఎర్రగానే.

ఇప్పుడు ఊపిరి ఆడకపోవడం, నాలుక వాపు ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. లేకపోయినా రేపే చర్మవైద్యుణ్ణి కలిసి చికిత్స తీసుకోండి. తగ్గాక ప్యాచ్ టెస్ట్ చేయించుకుంటే ఏది పడదో రాతపూర్వకంగా తెలుస్తుంది. నల్లగా కావాలంటే శుద్ధమైన గోరింటాకు, ఆపైన నీలి ఆకు పొడి అనే దారి ఉంది. దాన్ని కూడా ముందు చెవి వెనక రాసి 48 గంటలు చూడాలి. నెరిసిన జుట్టును చక్కగా కత్తిరించి అలాగే ఉంచుకోవడం అన్నిటికన్నా క్షేమం.

రంగు వాడే ఇళ్ళన్నిటికీ ఒక మాట. ఆ ప్యాకెట్‌ను పిల్లలకు అందకుండా తాళంలో పెట్టండి. పొట్టలోకి వెళితే గొంతు వాచి ఊపిరి ఆగిపోవచ్చు, కండరాలు, కిడ్నీలు దెబ్బతింటాయి. ఎవరైనా మింగితే ఒక్క నిమిషం ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.

మా అబ్బాయికి 15 ఏళ్ళు, కొంచెం బొద్దుగా ఉంటాడు. మెడ చుట్టూ, చంకల్లో నల్లగా, దళసరిగా ఉంది. శుభ్రంగా స్నానం చేయడని రోజూ తిడుతున్నాను. నిమ్మచెక్క, నైలాన్ పీచుతో రుద్దినా పోవడం లేదు.
– ఒక తల్లి, ఖమ్మం

అమ్మా, ముందు తిట్టడం, రుద్దడం రెండూ ఆపండి. అది మురికి కాదు, బాబు తప్పూ కాదు. వెల్వెట్ గుడ్డలా దళసరిగా నల్లబడే ఈ మార్పును అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనప్పుడు దాని మోతాదు పెరిగి చర్మం ఇలా స్పందిస్తుంది. షుగరు జబ్బు రావడానికి ఏళ్ళ ముందే కనిపించే హెచ్చరిక ఇది. మన దక్షిణాసియా వాళ్ళకు తక్కువ బరువుకే, చిన్న వయసులోనే షుగరు వస్తుంది. అందుకే దీన్ని అందానికి సంబంధించిన సమస్యగా వదిలేయకూడదు.

పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ, కొలెస్టరాల్, కాలేయ పరీక్షలు చేయించండి. కూల్‌డ్రింకులు, బేకరీ తిండి ఇంట్లోకి తేవడం అందరూ మానేయండి, వాడికొక్కడికే నిషేధం పెడితే పనిచేయదు. రోజూ గంటసేపు చెమట పట్టే ఆట ఆడనివ్వండి. బరువు అదుపులోకి వస్తే మెడ నలుపు దానంతటదే నెమ్మదిగా పలచబడుతుంది. నైలాన్ పీచు రాపిడి వల్ల అదనపు నలుపు వస్తుంది. వీపు మీద, చేతుల మీద అలలు అలలుగా నల్లబడి డాక్టర్ల దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి పీచుతో గట్టిగా రుద్దుకున్నవాళ్ళే.

చుండ్రు పోవాలని రోజూ తలకు కొబ్బరినూనె పట్టిస్తున్నాను. ఎక్కువవుతోంది. కనుబొమల్లో, గడ్డంలో కూడా పొట్టు రాలుతోంది.
– జి.ఎల్., అనంతపురం

చుండ్రుకు కారణమైన మలసీజియా అనే ఈస్టుకు ఆహారం నూనే. మాడుకు నూనె పట్టించడం ఆపండి. కొబ్బరినూనె వెంట్రుకకు మంచిదే, వెంట్రుకలోంచి ప్రొటీన్ పోకుండా కాపాడుతుంది. కాబట్టి తలస్నానానికి ముందు కుదుళ్ళకు తగలకుండా జుట్టు కొసలకు రాసి కడిగేయండి. 2 శాతం కీటోకొనజోల్ షాంపూను వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు వాడండి. తల, గడ్డం, కనుబొమలకు రాసి అయిదు నిమిషాలు ఉంచాకే కడగాలి. వెంటనే కడిగేస్తే మందు పనిచేయదు. తగ్గాక కూడా రెండు వారాలకోసారి కొనసాగించండి, చుండ్రు అదుపులో ఉండే జబ్బు తప్ప ఒక్కసారిగా పోయేది కాదు.

డిగ్రీ చదువుతూ సాయంత్రాలు బైక్ మీద ఫుడ్ డెలివరీ చేస్తాను. ఎక్కువ డబ్బు పెట్టలేను. చర్మం బాగుండాలంటే కనీసం ఏం చేయాలి?
– టి.ఆర్., శ్రీకాకుళం

మూడు వస్తువులు చాలు. ముఖం కడగడానికి మృదువైన క్లెన్సరు, రోజుకు రెండుసార్లు. బట్టల సబ్బులా నురగ వచ్చి ముఖం బిగుసుకుపోయేది వద్దు. స్నానం కాగానే తడి ఆరకముందే మామూలు మాయిశ్చరైజరు. పగలు బయటికి వెళ్ళేముందు ఎస్‌పీఎఫ్ 30, పీఏ+++ ఉన్న సన్‌స్క్రీన్. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలంత తీసుకుని ముఖం, మెడ, చెవులకు రాయాలి. శనగగింజంత రాస్తే డబ్బా మీద రాసిన రక్షణలో కొంత మాత్రమే దక్కుతుంది. నల్లగా ఉన్నవాళ్ళకు సన్‌స్క్రీన్ అక్కర్లేదన్న మాట తప్పు. మన చర్మంలోని మెలనిన్ ఎండకు చర్మం కమిలిపోకుండా చాలావరకు కాపాడుతుంది, కానీ మంగు, మొటిమల మచ్చలు ఎండకు మరింత నల్లబడేది కూడా మన చర్మంలోనే. బైక్ మీద పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే సన్‌స్క్రీన్ ఖర్చు కూడా తగ్గుతుంది.

మచ్చ, పొక్కు, దురద ఏదైనా రెండు వారాల్లో తగ్గకపోతే చర్మవైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది. వెళ్ళేటప్పుడు ఇప్పటిదాకా వాడిన ట్యూబులు, డబ్బాలు, ఖాళీ అట్టలతో సహా తీసుకెళ్ళండి. ఎవరిచ్చారో చెప్పడానికి సిగ్గుపడొద్దు, ఏదీ దాచొద్దు. వాటిలో ఏం ఉందో చూస్తే సగం రోగనిర్ణయం అక్కడే అయిపోతుంది, మిగతా సగం మీ చర్మం చెబుతుంది.